పశువుల రహదారి చీటీ

రహదారి అంటే నేడు పెద్ద బాట అని అర్థం. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి అనే మాటలు విద్యార్థులందరికీ పరిచితమే. వెనుకటి కాలంలో ఈ మాటకు ఇంకొక అర్థం ఉండేది. బాటను పోవడానికి అధికారి ఇచ్చే అనుమతి చీటీని, ఆ బాటపై వసూలు చేసే సుంకాన్ని రహదారి అనేవారు. ఫారసీలో రాహ్ అంటే బాట. బాటను కాచేవాడు రాహ్‌దార్. అతడు పుచ్చుకొనేది రాహ్‌దారీ. రవానా, నాకా, జకాతు, రసీదు మొదలైన మాటలు కూడ ఆనాటి దఫ్తరాల మీదుగానే తెలుగులోకి దిగినవి. కాలక్రమాన కాగితం పేరు బాటకు మిగిలింది. కాగితం సంగతిని జనం మరచిపోయారు.

పశువులను దూరప్రాంతాలకు తోలుకొనిపోయేవారికి మాత్రం మరచిపోయే అవకాశం ఏనాడూ కలుగలేదు. వారి వెంట ఏదో ఒక చీటీ ఎప్పుడూ నడుస్తూనే ఉన్నది. అయితే ఆ చీటీ చెప్పే సంగతి మాత్రం కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. ఒకనాడు అది పశువు ఎవరిదో చెప్పింది. తరువాత పశువు ఆరోగ్యం ఎట్లున్నదో చెప్పింది. ఆ తరువాత పశువును ఎట్లా తీసుకొనిపోతున్నారో, ఎందుకు తీసుకొనిపోతున్నారో కూడ చెప్పవలసి వచ్చింది. ఈ మార్పుల వెనుక ప్రభుత్వాల ఇష్టాయిష్టాలు ఉన్నమాట నిజమే. కాని అన్నిటికంటె బలమైన కారణం వేరొకటి ఉన్నది. అది కంటికి కనిపించని సూక్ష్మజీవి.

ఎద్దు వచ్చే దారి

నిజామాబాదు జిల్లాలోని బోధన్ ప్రాంతం ఈ చరిత్ర తెలుసుకొనడానికి తగిన చోటు. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగర్ జలాశయం ఈ ప్రాంతపు వ్యవసాయాన్ని మార్చివేసింది. కాలువల క్రింద వరి, చెరకు విస్తరించినవి. 1937లో బోధన్ ప్రక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. చెరకుకు ఒక స్వభావం ఉన్నది. నరికిన తరువాత ఆలస్యమైనకొద్దీ గడలోని చక్కెర విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారిపోతుంది. ఆ మారినది స్ఫటికం కట్టదు, మడ్డిలోనికి పోతుంది. అందుచేత కోసిన చెరకు వీలైనంత త్వరగా మరకు చేరవలెను. లారీలు, ట్రాక్టర్లు రాకముందు ఆ పని ఎడ్లబండ్లదే. కర్మాగారంలో ఎన్ని యంత్రాలున్నా, వాటికి మేత అందించింది జోడెడ్లు. క్రషింగు కాలంలో ఒక జత పడిపోతే ఆ రైతుకు బండి కిరాయి పోవడమే కాదు, చేలోని గడ కూడ ఎండిపోతుంది.

ఇంత అవసరమున్న ఎడ్లు బోధన్‌లో పుట్టేవి తక్కువ. కాలువ క్రింది నేలలో మేతబీడు మిగలదు. పశువులను పెంచేది మెట్టప్రాంతాలలో. మంచి దుక్కిటెడ్లు పడమటి నుండి వచ్చేవి. ఉద్గీర్, లాతూర్ ప్రాంతపు దేవణి జాతి, నాందేడ్ జిల్లా కంధార్ ప్రాంతపు లాల్ కంధారి జాతి నల్లరేగడి దుక్కికి పేరుపడినవి. నాందేడ్ జిల్లాలో లోహా వద్ద మాళేగావ్‌లో ఖండోబా జాతర జరుగుతుంది. మార్గశిరంలో జరిగే ఆ జాతర పశువుల అంగడికి ప్రసిద్ధి. అక్కడినుండి బోధన్‌కు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం. దారిలో మంజీర దాటవలెను.

1956 నవంబరు 1 వరకు ఈ దారి అంతా ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో నిజామాబాదు ఆంధ్రప్రదేశ్‌లోను, నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోను చేరినవి. నది ఉన్నచోటనే ఉన్నది. ఎద్దు మాత్రం ఒక్కరోజులో అన్యరాష్ట్రపు ఎద్దు అయింది.

రాగిరేకు

పశువుల ప్రయాణానికి అనుమతిపత్రాలలో దక్కనులో మిక్కిలి పేరుపొందినది కాగితం కాదు, రాగిరేకు. మొగలు సైన్యాలు దక్కనుపై దండెత్తినప్పుడు వాటికి ధాన్యం మోసినవారు బంజారాలు. నిజామాబాదు జిల్లా తండాలలోని లంబాడీలు ఆ జాతివారే. వారి ఎడ్లమందలు పదివేలు, లక్షల లెక్కన సాగేవి. షాజహాన్ మంత్రి ఆసఫ్‌ఖాన్ సుమారు 1630లో దక్కనుకు వచ్చినప్పుడు భంగీ, ఝంగీ అనే ఇద్దరు బంజారా నాయకులు ఒక లక్షా ఎనభైవేల ఎడ్లతో వెంట నడిచారని వారి ఐతిహ్యం. అన్ని ఎడ్లకు నీరు, మేత దొరకదని వారు ముందుకు రావడానికి వెనుదీశారట. అప్పుడు ఆసఫ్‌ఖాన్ రాగిరేకుపై బంగారు అక్షరాలతో అనుమతి చెక్కించి ఇచ్చాడని చెబుతారు. ఊరివారి కుండలలోని నీరు తీసుకొనవచ్చును. మేత లేకపోతే ఇంటికప్పుల గడ్డి పీకి వేయవచ్చును. దినానికి మూడు హత్యల వరకు క్షమార్హం. 19వ శతాబ్ది చివర ఈ కథను నమోదుచేసిన అధికారులు ఆ రేకు నిజాం రాజ్యంలో ఉన్న ఆ నాయకుల వంశీకుల వద్ద ఉన్నదని వ్రాశారు.

కథలో అతిశయోక్తి ఎంతయినా ఉండవచ్చును. చూడవలసినది ఆ పత్రం ఎవరికి అభయమిచ్చినదనే విషయం. అది నడిచే మందకు రక్ష. మంద దాటిపోయే ఊరికి ఏ రక్షా లేదు. ఆ ఊరి పశువులకు ఏ జాడ్యం అంటుకొన్నా అడిగే నాథుడు లేడు.

శాంతికాలంలో చీటీలు ఇంత భయంకరంగా ఉండేవి కావు. చీటీలో చూసేది ముఖ్యంగా రెండు సంగతులు: పశువు ఎవరిది, సుంకం చెల్లినదా. పశువు రంగు, కొమ్ముల తీరు, సుడులు, వాతలు వ్రాసుకొంటే దొంగసొత్తు కాదని తేలుతుంది. హైదరాబాదు సంస్థానంలో సరిహద్దు సుంకాలు వసూలుచేసే శాఖను కరోడ్‌గిరి అనేవారు. నాకాదారుకు కావలసినది రూపాయలు, అణాలు. ఎద్దు దగ్గుతున్నదా, కన్ను కారుతున్నదా అన్నది అతని పని కాదు.

వేగము, రోగము

రిండర్‌పెస్ట్ అనే ముసర రోగం పశువులకు పుట్టిన రోగాలన్నిటిలో ఘోరమైనది. మొదట జ్వరం. తరువాత కన్ను, ముక్కు కారుతవి. నోటిలో పుండ్లు పడతవి. ఆ పిమ్మట విడువని విరేచనాలు. రోగం కొత్తగా ప్రవేశించిన మందలో నూటికి తొంబై వరకు చనిపోయిన సందర్భాలున్నవి. దీనికి కారణం ఒక వైరస్. అది బయట ఎండకు ఎక్కువకాలం నిలువలేదు. పశువు పశువుకు దగ్గరగా మసలినప్పుడే అంటుతుంది. అంటిన తరువాత జ్వరం కనబడడానికి సామాన్యంగా నాలుగయిదు రోజులు, ఒక్కొక్కప్పుడు రెండు వారాల వరకు పట్టుతుంది. దీనిని పొదిగే కాలం అంటారు. జ్వరం తేలడానికి ఒకటి రెండు రోజుల ముందే పశువు రోగాన్ని విరజిమ్మడం మొదలుపెడుతుంది. ఆ సమయంలో దానిని చూచిన ఎంత అనుభవజ్ఞుడైనా ఆరోగ్యంగానే ఉన్నదంటాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయవలసి ఉన్నది. గణితోపాధ్యాయులు తరగతిలో వేయించవచ్చును. ఎద్దు గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది. మేతకు, నీటికి, విశ్రాంతికి ఆగుతూ దినానికి పాతిక కిలోమీటర్లు పోతుందనుకొంటే, మాళేగావ్ నుండి బోధన్‌కు నాలుగయిదు రోజులు. అంటే జాతరలో రోగం అంటుకొన్న ఎద్దు చాల సందర్భాలలో దారిలోనే జ్వరపడుతుంది. బేరగాడు దానిని వదలివేస్తాడు, లేదా అయినకాడికి అమ్మివేస్తాడు. ఆ దారిలోని ఊళ్లకు కీడు తప్పదు. కాని బోధన్‌కు మాత్రం కొంతవరకు ఆ నడకే కావలి. నూరు కిలోమీటర్ల కాలినడకలో నాలుగురోజుల పరీక్ష దానంతటదే జరిగిపోయేది.

రైలు ఈ లెక్కను తారుమారు చేసింది. హైదరాబాదు–గోదావరి లోయ రైలుమార్గం మన్మాడు నుండి నాందేడ్, ఇందూరు మీదుగా సికింద్రాబాదు వైపు మీటరుగేజిలో 1901 నాటికి సాగింది. ఇందూరు అంటే నేటి నిజామాబాదే. తరువాత జానకంపేట నుండి బోధన్‌కు కొమ్మదారి వేశారు. వారాల నడక ఒక రాత్రి ప్రయాణమైంది. ఇప్పుడు పశువు పొదిగే కాలం పూర్తికాకముందే వందల కిలోమీటర్లు దాటి, మెరిసే కన్నులతో బండి దిగగలదు. కొన్నవాడు మురిసిపోతాడు. మూడవరోజు జ్వరం.

వాహనం రోగం కంటె వేగంగా పోగలిగిన నాటినుండి, కన్ను చెప్పలేని సంగతిని కాగితం చెప్పవలసి వచ్చింది. ఆరోగ్యపత్రం పుట్టుకకు మూలం ఇదే. సుంకపు చీటీకి, ఆరోగ్యపత్రానికి పోలిక ఒక్కటే, రెండూ కాగితాలు. మొదటిది గడచినదానికి రుజువు; రెండవది రాబోయేదానికి పూచీ.

ఓడరేవులలో నేర్చిన పాఠం

ఐరోపాలో ఈ పాఠం ఓడలవలన తెలిసింది. 1865లో బాల్టిక్ తీరం నుండి హల్ రేవుకు వచ్చిన పశువుల వలన ఇంగ్లండులో ముసర రోగం చెలరేగింది. రైళ్లపై అది అంగడి నుండి అంగడికి ప్రాకింది. 1866లో పార్లమెంటు రోగగ్రస్త పశువులను చంపివేయడం, పశువుల రాకపోకలను కట్టుదిట్టం చేయడం శాసనబద్ధం చేసింది. ఆ సంవత్సరమే మద్రాసు ప్రభుత్వం కూడ పశువ్యాధుల చట్టం చేసింది. ఇది కృష్ణా, గోదావరి జిల్లాలకు వర్తించేదిగాని, నిజాం రాజ్యానికి కాదు. భారతదేశంలో పశుజాడ్యాలను విచారించడానికి 1869లో హాలెన్ అధ్యక్షతన నియమించిన సంఘం 1871లో నివేదిక ఇచ్చింది. రోగం అంటుజాడ్యమేనని, గాలిచెడుగు వలననో నేలచెడుగు వలననో పుట్టేది కాదని స్థిరపరచడం ఆనాటికి చిన్న పని కాదు.

అంతర్జాతీయ నియమాల చరిత్రలో భారతదేశపు పశువుకు ఒక విచిత్రమైన స్థానం ఉన్నది. 1920లో ఈ దేశం నుండి బ్రెజిల్‌కు పోతున్న మూపురపు పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగినవి. వాటివలన బెల్జియంలో ముసర రోగం వ్యాపించింది. ఆ ఉపద్రవం తరువాత దేశాలన్నీ కూడి, ఒకరి రోగవార్త ఇంకొకరికి వెంటనే తెలపవలెనని తలచి, 1924 జనవరి 25న పారిస్‌లో ప్రపంచ పశ్వారోగ్య సంస్థను స్థాపించినవి. ఒడంబడికపై చేవ్రాలు చేసినవి 28 దేశాలు. ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలూరి అనే పేరుతో ఆ దేశపు మాంసపరిశ్రమకు మూలాధారమైన సంగతి తెలుగువారు గర్వంగా చెప్పుకొంటారు. ఆ ఎగుమతుల కాలంలోనే నేటి పశ్వారోగ్య పత్రాల వ్యవస్థకు బీజం పడిన సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

సూది వెనుక కాగితం

చట్టాలున్నా కాగితానికి బలం చేకూరినది టీకా వచ్చిన తరువాతనే. 1889లో పూనాలో నెలకొల్పిన ఇంపీరియల్ బాక్టీరియా పరిశోధనాలయాన్ని 1893లో హిమాలయాలలోని ముక్తేశ్వర్‌కు మార్చారు. రోగపు జీవాణువులు ఊళ్లకు దూరంగా ఉండడం క్షేమమని భావించారు. 1897లో రాబర్ట్ కోక్ అక్కడికి వచ్చాడు. 1927లో ఎడ్వర్డ్స్ అక్కడనే వైరస్‌ను మేకలలో వరుసగా పెంచి, పశువుకు ప్రాణాపాయం కలిగించకుండ రక్షణ ఇచ్చే టీకా తయారుచేశాడు. 1954లో కేంద్రప్రభుత్వం దేశవ్యాప్తంగా ముసర రోగ నిర్మూలన పథకాన్ని ప్రారంభించింది. అయిదేండ్లలో నూటికి ఎనభై పశువులకు టీకా వేయవలెనని లక్ష్యం.

ఎనభై వేసినా రోగం పోలేదు. మిగిలిన ఇరవై ఏవి? ఏటేటా కొత్తగా పుట్టే దూడలు. టీకాదారు వచ్చిన రోజున ఊరిలో లేని సంచార మందలు, అంగళ్ల వెంట తిరిగే పశువులు. ఏ పశువు ఎక్కువగా కదలుతుందో అదే టీకా తప్పించుకొనేది. అందువలన రాష్ట్రాల సరిహద్దుల వెంబడి తనిఖీ కేంద్రాలు పెట్టి, వచ్చే పశువుకు అక్కడనే టీకా వేయడం, సరిహద్దు గ్రామాలలో పశువులన్నిటికీ వేసి రక్షణ పట్టీలు ఏర్పరచడం పథకంలో భాగాలైనవి. 1956 తరువాత బోధన్ అట్టి సరిహద్దు ప్రాంతమైంది. రాజకీయంగా గీచిన గీతను పశువైద్యులు తమ పనికి వాడుకొన్నారు. కెన్యాలో ప్లౌరైట్ కణవర్ధనం ద్వారా తయారుచేసిన టీకా ఇంకా నికరమైన సాధనమైంది. భారతదేశంలో చివరిసారి ఈ రోగం కనిపించినది 1995లో, తమిళనాడులో. 2006లో ఈ దేశానికి, 2011లో ప్రపంచానికంతటికీ ముసర రోగం నశించినదని ప్రకటన వెలువడింది. మానవుడు భూమిమీద నుండి తుడిచివేసిన రోగాలలో మశూచి తరువాత ఇది రెండవది. అందులో మంజీర గట్టున ఎడ్లను నిలిపి సూదులు వేసినవారికి కూడ భాగమున్నది.

ఒక్క చమత్కారం. 1978 నాటి పశురవాణా నియమాలు ప్రతి పశువుకు ముసర రోగపు టీకా వేసినట్లు ధ్రువపత్రం ఉండవలెనన్నవి. రోగం పోయినదని నిరూపించడానికి 1990 దశకం చివరికి టీకానే మానివేయవలసి వచ్చింది. టీకా వలన రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలను, నిజమైన రోగం వలన పుట్టేవాటిని వేరుచేసి చూపడం సాధ్యం కాదు కనుక టీకా సాగినంతకాలం రోగం లేదని చెప్పలేరు. టీకా ఆగిపోయిన పిమ్మట కూడ నియమంలో ఆ మాట అట్లే నిలిచింది. చట్టపు అక్షరం విజ్ఞానశాస్త్రం వెనుక ఎంత దూరంలో నడుస్తుందో కొలవడానికి ఇంతకంటె మంచి గజంబద్ద దొరకదు.

పెట్టెకు ఆరు

ఆ 1978 నియమాలను చదివితే వాటిని వ్రాసినవారు రైలు పెట్టెలో పశువుతోకూడ ప్రయాణం చేసినట్లు తోస్తుంది. 1960లో పార్లమెంటు చేసిన జంతుహింస నివారణ చట్టం క్రింద ఇవి వెలువడినవి. పశువు ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నదని, అంటురోగం లేదని అర్హుడైన పశువైద్యుడు ధ్రువపత్రం ఇవ్వవలెను; అది లేనిదే రైలువారు ఎక్కించుకొనరాదు. పంపేవారి పేరు, పుచ్చుకొనేవారి పేరు, పశువుల సంఖ్య, మేత పరిమాణం ఎర్రని పెద్ద అక్షరాలతో వ్రాసి తగిలించవలెను. బ్రాడ్‌గేజి పెట్టెలో పెద్దపశువులు పదికి, మీటరుగేజి పెట్టెలో ఆరుకు, న్యారోగేజిలో నాలుగుకు మించరాదు. నిజామాబాదు, బోధన్‌లకు ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో బ్రాడ్‌గేజి వచ్చేవరకు మీటరుగేజియే కనుక అక్కడి లెక్క పెట్టెకు ఆరు. పశువులను పట్టాలకు సమాంతరంగా, ఒకదానికొకటి ఎదురుగా నిలుపవలెను. బండి కుదుపుకు అవి ప్రక్కకు పడకుండుటకు ఈ ఏర్పాటు. క్రింద ఆరు సెంటీమీటర్లకు తక్కువగాని గడ్డిపరుపు. పెట్టెకు ఒక కాపరి. పాడిపశువును దినానికి రెండుసార్లు పితకవలెను. పెట్టెలో వంట చేయరాదు. చిమ్నీ లేని లాంతరు వెలిగించరాదు. గడ్డిపరుపుకు నిప్పంటుతుందని ఆలోచించి ఎవరో ఆ చివరి వాక్యం చేర్చారు.

ఈ నియమాలలో దయ ఒక్కటే కాదు, వైద్యం కూడ ఉన్నది. ఇరుకులో, ఆకలితో, దప్పితో ప్రయాణించిన పశువు శరీరంలో రోగనిరోధక శక్తి తగ్గుతుంది. మామూలుగా గొంతులో నిద్రాణంగా ఉండే సూక్ష్మజీవులు విజృంభించి గొంతువాపు రోగం తెస్తవి. దూరప్రయాణం చేసిన పశువులలో ఇట్టి జాడ్యాలు రేగడం పశువైద్యులకు సుపరిచితం. రెండు చదరపు మీటర్ల చోటు అనేది మర్యాద కొరకు ఇచ్చినది కాదు.

కాలినడకకు 2001లో ప్రత్యేకంగా నియమాలు వచ్చినవి. ఆవులు, ఎడ్లు దినానికి 30 కిలోమీటర్లు, బఱ్ఱెలు 25, దూడలు 16 మించి నడువరాదు. మొత్తం నడక ఎనిమిది గంటలు, దూడలకు ఆరు. రెండు గంటలకొకసారి నీరు, నాలుగు గంటలకొకసారి మేత. నడిపించడానికి కొరడాగాని కర్రగాని వాడరాదు, ఒంటికి కారం పూయరాదు. ఇవన్నీ సమంజసమే. కాని సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తరువాత నడిపించరాదని ఒక నియమం. ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు తగ్గినా, 30 డిగ్రీలు మించినా నడిపించరాదని ఇంకొక నియమం. నిజామాబాదులో ఏడాదిలో చాల నెలలు పగటి ఉష్ణోగ్రత 30 దాటుతుంది. వేసవిలో 40 దాటడం మామూలు. ఈ రెండు నియమాలను కలిపి పాటిస్తే మే నెలలో ఎద్దు గడప దాటరాదు. ఎండకాలంలో వెన్నెల రాత్రులు నడిపించి, పగలు చెట్టునీడన ఆపడం తరతరాల బేరగాండ్లకు తెలిసిన పద్ధతి. 1978 రైలు నియమాలు కూడ వీలైనంతవరకు రాత్రి ప్రయాణమే మేలన్నవి. ఒకే చట్టం క్రింద పుట్టిన రెండు నియమావళులు ఇట్లు ఎదురుబొదురుగా నిలిచినవి. రాత్రివేళ బాటపై లారీల ప్రమాదం, దొంగరవాణా భయం రెండవవారి మనసులో ఉండవచ్చును. పశువు శరీరధర్మం మాత్రం మొదటివారి ప్రక్షాననే ఉన్నది.

గీతకు పాతిక కిలోమీటర్లు

రాజ్యాంగంలో పశురోగాల నివారణ రాష్ట్రాల జాబితాలోని 15వ అంశం. రోగం ఒక రాష్ట్రం నుండి ఇంకొక రాష్ట్రానికి ప్రాకకుండ చూడడం ఉమ్మడి జాబితాలోని 29వ అంశం. జంతుహింస నివారణ అదే జాబితాలో 17వది. ఊరిలో ఉన్నంతసేపు ఎద్దు రాష్ట్రానిది. మంజీర వంతెన ఎక్కగానే కేంద్రానికి కూడ దానిపై అధికారం వస్తుంది. ఈ 29వ అంశం ఆధారంగానే 2009లో పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం వచ్చింది. రోగం కనబడిన ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించడం, అందులోనుండి పశువును కదలనీయకపోవడం, టీకా వేసి గుర్తు పెట్టడం, తనిఖీ కేంద్రాలు, నిర్బంధ శిబిరాలు నెలకొల్పడం ఈ చట్టంలోని ముఖ్యాంశాలు.

ఇంతవరకు కాగితం అడిగినది పశువు సంగతి. 2017 మే 23న కేంద్రం ప్రకటించిన పశువిపణుల నియమాలు కొన్నవాని ఉద్దేశాన్ని అడిగినవి. పశువును వ్యవసాయానికే కొంటున్నానని, వధకు కాదని వ్రాతపూర్వకంగా హామీ ఇవ్వవలెను. అమ్మకపు పత్రం అయిదు ప్రతులు: కొన్నవానికి, అమ్మినవానికి, కొన్నవాని తహసీలు కచేరీకి, ఆ జిల్లా పశువైద్యాధికారికి, విపణి సంఘానికి ఒక్కొక్కటి. రాష్ట్ర సరిహద్దుకు 25 కిలోమీటర్లలోపు పశువుల అంగడి ఉండరాదని మరొక నియమం. సాలూర దగ్గర మంజీర దాటితే మహారాష్ట్ర; బోధన్ ఆ పాతికలోపే ఉన్నది. నియమం నిలిచి ఉంటే బోధన్‌లో పశువుల అంగడి పెట్టే వీలే లేకపోయేది. దేవణి, లాల్ కంధారి ఎడ్లు తూర్పుకు, కోడెలు పడమటికి మారేది ఇట్టి సరిహద్దు అంగళ్లలోనే అన్న సంగతి ఆ 25 అనే అంకె వేసినవారికి తట్టినట్లు లేదు. మే 30న మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఈ నియమాల అమలును నిలిపింది. జూలై 11న సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను దేశమంతటికీ వర్తింపజేసింది.

సరిహద్దును మూయవలసిన అసలు అవసరం అయిదేండ్ల తరువాత వచ్చింది. లంపీ చర్మవ్యాధి 2019లో ఒడిశాలో మొదటిసారి కనబడి, 2022లో పశ్చిమభారతాన్ని ముంచెత్తింది. చర్మమంతట గడ్డలు, జ్వరం, పాలు తగ్గడం దీని లక్షణాలు. 2022 సెప్టెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం 2009 చట్టం క్రింద రాష్ట్రాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించి, పశువుల అంగళ్లను, రవాణాను ఆపివేసింది. ఈ రోగాన్ని వ్యాపింపజేసేవి ముఖ్యంగా ఈగలు, దోమలు, పిడుదులు. వాటికి ఏ చీటీ చూపనక్కరలేదు. అయితే ఈగ తనంతట పోగలిగినది కొద్ది దూరమే. జిల్లా నుండి జిల్లాకు రోగం దుమికేది లారీ ఎక్కిన పశువుతోనే. పైగా ఈ రోగానికి పొదిగే కాలాన్ని ప్రపంచ సంస్థ 28 రోజులుగా లెక్కిస్తుంది. లారీ మాళేగావ్ నుండి బోధన్‌కు నాలుగు గంటలలోపే వస్తుంది. ఉదయం ఇచ్చిన ఆరోగ్యపత్రం ఆ ఉదయపు సంగతి మాత్రమే చెప్పగలదు.

అందుచేత పత్రం కంటె పశువు చరిత్ర ముఖ్యమని పశువైద్యులు గుర్తించారు. 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రూసెల్లా రోగాల నియంత్రణకు మొదలైన జాతీయ కార్యక్రమంలో ప్రతి పశువు చెవికి పండ్రెండు అంకెల పసుపుపచ్చ బిళ్ల వేయసాగారు. ఆ అంకెతో టీకా తేదీలు, యజమాని పేరు కంప్యూటరులో నమోదవుతవి. వెనుకటి చీటీలో సుడులు, కొమ్ములు వ్రాసినచోట ఇప్పుడు పండ్రెండు అంకెలు. అంకెను కూడ నిలిపేది దానిని వ్రాసే చేయి. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో పొరుగు రాష్ట్రాల నుండి గొర్రెలను తెచ్చిన లెక్కలను ఆడిటర్ జనరల్ పరిశీలించగా, రవాణా పత్రాలలోని బండి నంబర్లు కొన్ని మోటారు సైకిళ్లవి, కార్లవి, అంబులెన్సులవి అని తేలింది. ఆ నివేదిక 2024లో శాసనసభ ముందుకు వచ్చింది.

బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చెరకుబండ్లు లాగిన ఎడ్ల స్థానంలో అంతకు ఎంతో ముందే ట్రాక్టర్లు వచ్చినవి. ఇప్పుడు సాలూర వంతెన దాటేవాటిలో పాడిబఱ్ఱెలు, గొర్రెలు, మేకలు ఎక్కువ. నవీపేట మేకల సంతకు వచ్చే బేరగాండ్లలో మహారాష్ట్రవారు ఉంటారు. చెవిబిళ్ల ఉన్న బఱ్ఱె తలుపువేసిన లారీలో నిలబడి నెమరువేస్తూ నిమిషాలలో నది దాటుతుంది. డ్రైవరు జేబులో పశువైద్యుని పత్రం ఉంటుంది. దానిపైన వేసిన తేదీయే అందులో మొట్టమొదట చదువవలసిన సంగతి.